బేలు మూత లోపలి వాన

బిర్రిగాంగ్, న్యూ సౌత్ వేల్స్
1990 జులై 9

ఎర్నీకి,

నా రాత బాగుండదు, తప్పులు కూడా ఉంటాయి. ముందే చెబుతున్నాను, నవ్వకు. మీ అక్క వెరా ఉన్నన్నాళ్లూ ఉత్తరాలు తనే రాసేది, అడుగున నేను పెర్సీ అని సంతకం పెట్టేవాణ్ణి. తను పోయి పది నెలలయింది. ఇక నేనే రాయాలి. నాలుగో తరగతి దాకా చదివాను, అందులో సగం రోజులు ఉన్ని కత్తిరించే షెడ్డులోనే గడిచాయి.

ఫోనులో నువ్వన్నది ఆలోచించాను. ఫోనులో నాకు మాట రాదని నీకు తెలుసు, అందుకే ఊఁ అని పెట్టేశాను. సగం మందనైనా అమ్మేయ్ బావా, ఇప్పుడే అమ్మేయ్, అన్నావు. నీకేం పిచ్చా ఎర్నీ? కిలో ఉన్ని ఏడు డాలర్లకు తగ్గనివ్వం అని ప్రభుత్వం చెప్పింది. ఇదివరకు ఇంకా ఎక్కువ ఉండేది, తగ్గించారు, సరే. ఇక తగ్గించం అని పేపర్లో వేయించారు. వేలంలో ఎవడూ ఆ ధర పెట్టకపోతే ఉన్ని బోర్డే కొనుక్కుంటుంది. ఆ బోర్డు డబ్బు కూడా ఎవరో ధర్మం చేసింది కాదు, మేం ప్రతి అమ్మకంలో వాటా వేసి కూడబెట్టింది.

మా నాన్న కాలం నాకు గుర్తుంది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. కొనేవాళ్లు ఆరుగురు ఒకే బల్ల దగ్గర టీ తాగి వేలానికి వచ్చేవాళ్లు. ఒకడు చెయ్యెత్తితే మిగతా అయిదుగురూ కిటికీలోంచి బయటకు చూసేవాళ్లు. ఆ ఏడు నాన్న ఉన్ని అమ్మితే రైలు కిరాయికి చాలలేదు. ఇంటికి వచ్చి బూట్లు విప్పి వరండాలో పెట్టుకొని, వాటినే చూస్తూ కూర్చున్నాడు.  అలాంటి రోజు మళ్లీ రాకూడదనే ఈ కనీస ధర పెట్టారు. నువ్వు ఆ బూట్లు చూడలేదు.

ఇక్కడ ఆడ గొర్రెలన్నీ ఈనబోతున్నాయి. ఇప్పుడెలా అమ్ముతాను?

వచ్చే నెల హాలులో మీటింగు ఉందట. పట్నం నుంచి ఎవరో వస్తున్నారు. కోలిన్ రమ్మన్నాడు. కోలిన్ అంటే మా ఉత్తరపు కంచె అవతలి పిల్లాడు, జానిస్ మొగుడు. నాలుగేళ్ల కిందట పొలం కొన్నాడు. పిల్లాడు అన్నాను గానీ ముప్పై అయిదు దాటాయి.

పెర్సీ


జిలాంగ్
1990 జులై 20

బావా,

నీ రాత చూసి నవ్వలేదు, దణ్ణం పెట్టుకున్నాను. మా అక్కను చేసుకున్న ముప్పై ఎనిమిదేళ్లలో నువ్వు నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఆ ఉత్తరమంత ఉండవు. మీ పెళ్లి విందులో నువ్వు నాతో అన్న ఒకే మాట "ఉప్పు అందుకో". పదిలంగా దాచుకున్నాను.

ఇప్పుడు తిడతాను, విను.

ముప్పై నాలుగేళ్లుగా నా పని ఏమిటి? ఉన్ని కుక్కిన బేలు మూట చీల్చి, గుప్పెడు లాగి, రెండు వేళ్ల మధ్య పట్టి ఇది ఎంత చేస్తుందో చెప్పడం. ఇప్పుడు ఎవరికి చెప్పను? మా గోదాములో బేళ్లు కప్పు దాకా పేర్చాం. నిండిపోతే ఊరవతల ఇంకో గోదాము తీసుకున్నారు, అదీ నిండింది. నేను గుప్పెడు లాగి ధర కడతాను, బోర్డు కొంటుంది, పక్కన పేరుస్తాం. మర్నాడు మళ్లీ అదే. నేను గోడకు ధర కడుతున్నాను బావా.

ధర అంటే ఒక కబురు. కావాలా అక్కర్లేదా అని దేశం అవతలి వాడు నీకు పంపే కబురు. ఆ కబురును మీ ప్రభుత్వం దారిలో ఆపేసి, తనకు నచ్చిన కబురు రాసి నీకు చదివి వినిపిస్తోంది. నువ్వు సంబరపడి గొర్రెల్ని పెంచుతున్నావు. అవతల చైనావాడూ రష్యావాడూ ఆ ధర చూసి నూలు బట్టకు పోయారు. ఎవరికీ అక్కర్లేనిదాన్ని ఇంకా ఇంకా తయారు చేయమని నీకు డబ్బులిస్తున్నారు. ఎన్నాళ్లిస్తారు?

మీ నాన్న కాలం నాటి ఆరుగురూ దొంగలే, కాదనను. వాళ్ల కొడుకులు మా క్యాంటీనులో నా పక్కనే తింటారు, వాళ్లూ అంతే. కానీ దొంగైనా వాడు ఉన్ని కొని తీసుకుపోయేవాడు. ఈ గోడ కొని ఏం చేస్తుంది?

ఈనితే ఈననీ. ముసలి గొర్రెల్నీ, విత్తుగొట్టిన పొట్టేళ్లనీ ముందు తోలెయ్. సంతలో ఇంకా కొంటున్నారు. నవంబరుకు కొనరు. ఈ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకొని తిరుగు. రోజుకోసారి చదువు.

నీ బావమరిది
ఎర్నీ


బిర్రిగాంగ్
1990 సెప్టెంబరు 14

ఎర్నీకి,

ఉత్తరం చేరింది. జేబులోనే ఉంది.

ఉన్ని కత్తిరింపు అయిపోయింది. నలభై మూడు బేళ్లు. వెరా లేకుండా ఇది మొదటిసారి. బేలు మీద పొలం పేరు కొట్టే రేకు ఎక్కడ పెట్టిందో దొరకలేదు, చివరకు పిండిడబ్బా వెనక దొరికింది. తనకొక అలవాటు ఉండేది, నీకు తెలుసో లేదో. బేలు నింపాక మూత కుట్టే ముందు, ఆ మూత లోపలివైపు పెన్సిలుతో ఆ రోజు వాన గిన్నెలో ఎన్ని పాయింట్లు పడిందో రాసేది. ఎందుకే అంటే, "మన వాన ఎంత దూరం పోతుందో చూద్దాం" అనేది. ఎక్కువ రోజులు సున్నే. ఆ సున్నను కూడా ముచ్చటగా గుండ్రంగా చుట్టేది. ఈసారి నేను రాయలేదు. నా రాత ఎవరు చూడాలి?

నిన్నొకటి అడుగుతాను. పోయిన రెండేళ్ల ఉన్ని, వెరా కుట్టినది, ఇప్పటికి కోట్లయి ఉంటుందా? ఇటలీలో ఎవడో తొడుక్కొని తిరుగుతుంటాడని వెరా అనేది. నీకు తెలిసే అవకాశం ఉంటే కనుక్కో.

మీటింగుకు వెళ్లాను. పట్నం కుర్రాడు తెల్ల తెర మీద రెండు గీతలు చూపించాడు, ఒకటి పైకి, ఒకటి కిందకు. చేతులు మెత్తగా ఉన్నాయి. నీలాగే మాట్లాడాడు, నీ అంత బాగా కాదు. ఎవరెవరో లేచి ఏదో అన్నారు. టీ బాగుంది, జానిస్ స్కోన్ రొట్టెలు చేసి తెచ్చింది. కోలిన్ ఆరొందల గొర్రెలు అమ్మేద్దామనుకున్నాడట, మానుకున్నాడు.

నేనూ అమ్మలేదు. పిల్లలు బాగా దక్కాయి.

పెర్సీ


జిలాంగ్
1990 నవంబరు 6

బావా,

కోట్ల సంగతి తరవాత రాస్తాను.

ఈ ఉత్తరంలో జోకులు లేవు. నేను ఇక్కడ విన్నవన్నీ కాగితం మీద పెట్టకూడదు, సంతకం పెట్టించుకున్నారు. అయినా ఇంత రాస్తున్నాను. ఆ ఏడు డాలర్లు నిలబడదు. ఎప్పుడు అనకు, నాకు తెలియదు. బోర్డు దగ్గర డబ్బు అయిపోయి అప్పు మీద కొంటున్నారు. మాట ఇచ్చారు అంటావు. మాట ఇచ్చినవాళ్లు నీలాంటివాళ్లు కాదు బావా. నీకు మాట అంటే నోట్లోంచి రావడమే కష్టం, అందుకని అది వచ్చిందంటే నిజమనుకుంటావు. వాళ్లకు అది రోజూ వస్తుంది.

ఏ ధరకైనా సరే, అమ్మేయ్. ఆ కోలిన్‌కు కూడా చెప్పు. చెబుతావుగా? నోరు తెరిచి చెప్పు, ఒక్కసారి.

ఎర్నీ


బిర్రిగాంగ్
1991 జనవరి 11

ఎర్నీకి,

నీ ఉత్తరం వచ్చిన వారానికి మూడు వందల ముసలి గొర్రెల్ని సంతకు తోలుకెళ్లాను. కొనేవాడు లేడు. వేలం పాడేవాడు దొడ్డి దొడ్డికీ ఆగి, టోపీ తీసి చెమట తుడుచుకొని, మళ్లీ నడిచాడు. ఒక ముసలావిడ గొర్రెలు వద్దంటే వద్దని అక్కడే వదిలేసి లారీ ఎక్కి వెళ్లిపోయింది. నేను మధ్యాహ్నం టీ తాగి తిరిగి వచ్చేసరికి నా లారీలో నావి కాని గొర్రెలు పదకొండు ఉన్నాయి. ఎవడో ఎక్కించి పారిపోయాడు. పక్క లారీ వాడు నవ్వి, "లెక్క చూసుకో తాతా, లాభం తీసుకుపోతున్నావు" అన్నాడు. మూడు వందలతో వెళ్లి మూడు వందల పదకొండుతో తిరిగి వచ్చాను.

ఎండ. గడ్డి లేదు. బావిలో నీళ్లు దిగుతున్నాయి.

అమ్ముడుపోని గొర్రెల్ని చంపేయడానికి ఇప్పుడు ఊళ్లో ఒక పద్ధతి వచ్చింది. ఎవరూ చర్చించుకోలేదు, దానంతట అదే వచ్చింది. కౌన్సిలువాళ్లు పెద్ద యంత్రంతో గొయ్యి తవ్వి పెడతారు. చంపిన తలకు ఇంత అని ప్రభుత్వం ఇస్తుంది. పెంచమని ఇచ్చిన చేత్తోనే. కానీ ఎవరి గొర్రెల్ని వాళ్లు తుపాకితో కాల్చరు. కాల్చలేరు. కంచె అవతలివాడు వచ్చి కాలుస్తాడు. సొంతగాడు ఇంట్లో రేడియో గట్టిగా పెట్టుకొని కూర్చుంటాడు. మర్నాడు ఇతను వెళ్లి అతనివి కాలుస్తాడు. పని అయ్యాక లోపలికి పిలవరు, వాకిట్లో సబ్బూ తువ్వాలూ పెట్టి ఉంటాయి. కడుక్కొని వెళ్లిపోవాలి.

మా ఊళ్లోని హెక్ ముర్చిసన్‌వి నేను కాల్చాను. నాలుగు వందలు. నా చెయ్యి వణకదు, అది నీకు తెలుసు. అలాంటివాణ్ణి అందరూ పిలుస్తారు.

నావి ఇంకా ఉంచాను. కోలిన్ కూడా ఉంచాడు. ఏడు డాలర్లు ఉన్నంత వరకు ఉన్నిపై నెట్టుకు రావచ్చు అంటున్నాడు. నీ మాట అతనికి చెప్పలేదు. చెబుదామని రెండుసార్లు కంచె దాకా వెళ్లాను.

పెర్సీ


జిలాంగ్
1991 ఫిబ్రవరి 15

బావా,

విన్నావు కదా. సోమవారం కనీస ధర ఎత్తేశారు. వేలాలు ఆపేశారు, మళ్లీ మొదలైనప్పుడు ఎంత పలికితే అంతే.

నేను నెగ్గానని ఎగురుతాననుకున్నావేమో. సోమవారం పొద్దున మా ఆఫీసులో కొందరు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాలి, ఇన్నేళ్లూ ఇదే అడిగినవాణ్ణి. చేతులు జేబులో ఉండిపోయాయి.

కోట్ల సంగతి అడిగావు. అయిదు నెలలు తప్పించుకున్నాను. ఇప్పుడు రాస్తాను. బావా, అవి కోట్లు కాలేదు. నీ పోయిన రెండేళ్ల బేళ్లు మా రెండో గోదాములో ఉన్నాయి. ఎడమ వరస, కింది నుంచి మూడోది. బిర్రిగాంగ్ అని నల్లగా కొట్టి, కింద నీ పేరు. జులైలో నేను నీకు గోడ అని రాసినప్పుడే ఆ గోడలో అవి నాకు కనిపిస్తూ ఉన్నాయి. అప్పుడే చెప్పి ఉంటే నువ్వు నమ్మి అమ్మేవాడివేమో. అక్క కుట్టిన మూట ఎవరికీ అక్కర్లేదని నీకెలా రాయను? ధర అంటే కబురు, దాన్ని ఆపకూడదు అని నీకు పాఠం చెప్పాను. నేనూ ఆపాను.

ఉన్ని బావుంది బావా. నేను చూశాను. వెంట్రుక సన్నం, ఎక్కడా తెగదు. నా జీవితంలో నేను పట్టుకున్న మంచి ఉన్నిలో అదొకటి. అది చెప్పడానికి నాకు ఎవరూ జీతం ఇవ్వక్కర్లేదు.

కోలిన్ ఎలా ఉన్నాడు? నువ్వు ఎలా ఉన్నావు? ఫోను చేస్తే ఎత్తడం లేదు.

ఎర్నీ


బిర్రిగాంగ్
1991 మార్చి 8

ఎర్నీకి,

బేళ్ల సంగతి చదివాను. నీ మీద కోపం లేదు. నేనూ ఒకటి దాచాను. అది నీదానికంటే పెద్దది.

ఆగస్టు మీటింగులో ఎవరెవరో లేచి ఏదో అన్నారని రాశాను కదా. లేచింది నేనే.

పట్నం కుర్రాడు గీతలు చూపించి, ఈ ధర నిలవదు, తెలివైనవాళ్లు ఇప్పుడే అమ్ముకోండి, అన్నాడు.  అప్పుడు కోలిన్ వెనక్కి తిరిగి, అంతమందిలో, "పెర్సీ అంకుల్, నువ్వేమంటావు? మీ నాన్న కాలం చూసినవాడివి, నువ్వు చెప్పు" అన్నాడు. అరవై ఏడేళ్లలో నన్నెవరూ అలా అడగలేదు. నేను లేచాను.  నాన్న బూట్ల సంగతి చెప్పాను. ఆ ఆరుగురి సంగతి చెప్పాను. ప్రభుత్వం మాట ఇచ్చింది, మనం వాటా వేశాం, మనం కలిసి నిలబడితే ధర నిలబడుతుంది, ఒక్కొక్కడూ భయపడి అమ్ముకుంటే వాళ్లు అనుకున్నదే అవుతుంది, అమ్మకండి, అన్నాను. ఎర్నీ, చప్పట్లు కొట్టారు. బల్లలు కొట్టారు. జానిస్ ఏడ్చింది. పట్నం కుర్రాడు గీతలు మడిచిపెట్టుకున్నాడు. నాకు ఎంత బాగుందో చెప్పలేను. వెరా ఉంటే వినేది కదా అనుకున్నాను.

అప్పుడు నీ ఉత్తరం నా జేబులో ఉంది. ఎడమ జేబులో. మాట్లాడుతున్నంతసేపూ చెయ్యి దాని మీదే ఉంది.

కోలిన్ అమ్మకం మానుకున్నది ఆ రాత్రే.

ధర పోయిన పదిరోజులకు జానిస్ కంచె దగ్గరకు వచ్చింది. "మీరు రావాలి" అంది.  తొమ్మిది వందల ముప్పై. రెండు రోజులు పట్టింది. అందులో పిల్లలతో ఉన్నవి చాలా ఉన్నాయి, ఎందుకంటే అమ్మకపోతే ఈనుతాయి కదా. ఇంట్లో రేడియో వినిపించలేదు. కోలిన్ వరండాలో కూర్చొని చూశాడు. మొదటి నుంచి చివరి దాకా చూశాడు. అలా ఎవరూ చూడరు. ముందర బూట్లు విప్పి పెట్టుకున్నాడు. నేను ఆ హాలులో చెప్పిన కథలోని మనిషిలాగే కూర్చున్నాడు. కావాలనో కాదో నాకు తెలియదు.

వాకిట్లో సబ్బు పెట్టలేదు.

ఇప్పుడు నా వంతు. నావి పదకొండు వందలు. నీళ్లు ఇంకో మూడు వారాలకు వస్తాయేమో. గొయ్యి తవ్వి పెట్టారు. పద్ధతి ప్రకారం కోలిన్ రావాలి. రాడు. ఎందుకు వస్తాడు? ఇంకెవర్ని పిలిచినా, ఉత్తరపు కంచె అతనిదే కదా, అంటారు. హెక్ కూడా తల తిప్పుకున్నాడు. ఆ హాలులో చప్పట్లు కొట్టినవాళ్లు ఎవరూ ఇప్పుడు నా బండి ఎదురైతే చెయ్యెత్తడం లేదు.

నావి నేనే కాల్చుకోవాలి. రోజూ పొద్దున తుపాకి తీసుకొని దొడ్డి దాకా వెళ్తాను. దాన్ని కంచెకు ఆనించి కూర్చుంటాను. గొర్రెలు దాహానికి నా చుట్టూ చేరతాయి, బండి చప్పుడంటే మేత అనుకుంటాయి. వాటివంక తలెత్తి చూడలేను. తుపాకి ఇంకో వైపు తిప్పడం సులువు అనిపిస్తుంది. నీకు కాక ఎవరికి రాస్తాను. వెరా లేదు.

నీ మాట వినవలసింది. కానీ అప్పుడు కూడా నువ్వు చెప్పినట్టే అందరూ అమ్ముకుంటే, ఆ సంతలో అంతా ఒకే రోజు దిగితే, ఎవరు కొనేవాళ్లు చెప్పు? అది మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.

పెర్సీ


జిలాంగ్
1991 మార్చి 12

బావా,

ఇది చదవగానే, లేవకముందే, ఒక పని చెయ్యి. తుపాకీ బోల్టు పీకు. గుడ్డలో చుట్టు. పోస్టు బండి శుక్రవారం వస్తుంది కదా, నా పేరు మీద దానికివ్వు. అది లేని తుపాకి చేతికర్రతో సమానమని నువ్వే ఒకప్పుడు నాకు నేర్పావు. అది నీ ఇంట్లోంచి పోయిందని తెలిసేదాకా నిద్రపోను.

నీ ఫోను మోగుతూనే ఉంది, ఎత్తడం లేదు. జానిస్‌కు ఫోను చేశాను. ఏం చెప్పానో అడక్కు. నీ ఉత్తరం మూడో పేజీ చదివి వినిపించాను. నువ్వు నన్ను చంపినా సరే.

నేను శనివారం బయల్దేరుతున్నాను, ఆదివారం సాయంత్రానికి నీ గుమ్మంలో ఉంటాను. నీవి నేను కాలుస్తాను. ఎవరిదైనా తుపాకి అడుగుతాను, పట్టుకోవడం రాదు, అయినా కాలుస్తాను. సెలవెలా దొరికిందంటావా? దొరికింది. యాభై ఎనిమిదేళ్లవాడి రెండు వేళ్లతో ఇక పని లేదట, అన్నీ యంత్రంలో పెట్టి కొలుస్తారట. క్రిస్మస్‌కు ముందే చెప్పారు. నాకు తెలియని కబురేమీ కాదు, ఎవరికీ అక్కర్లేని సరుకు ఎవరు కొంటారని నీకు బోధించినవాణ్ణి కదా. చెప్పుకోవడానికి సిగ్గేసింది. నీకసలు ఎందుకు చెప్పలేదంటే, నువ్వు నవ్వవని తెలుసు, అందుకు.

వెళ్లిపోయే ముందు చివరి రోజు రెండో గోదాములోకి పోయాను. ఎడమ వరస. ఒక బేలు కుట్లు కోసి, మూత తీసుకొని, వేరే గుడ్డతో మళ్లీ కుట్టాను. దొంగతనమే. ఇందులో పెట్టాను. వచ్చేటప్పుడు తేవచ్చు, కానీ నాకంటే ఇది ముందు చేరాలి.

ఎర్నీ


బిర్రిగాంగ్
1991 మార్చి 15

ఎర్నీకి,

బోల్టు ఈ పొట్లంలో ఉంది. నూనె రాశాను, తుప్పు పట్టదు. నీ ఉత్తరం పొద్దున్నే వచ్చింది, పోస్టు బండివాడు టీ తాగేంతసేపు ఆగమంటే ఆగాడు, అతని ముందే ఇది రాస్తున్నాను. తప్పులు ఉంటే అందుకే.

నిన్న కోలిన్ వచ్చాడు. జానిస్ పంపిందో, తనే వచ్చాడో అడగలేదు. కంచె దాటి, తన తుపాకి తనే తెచ్చుకున్నాడు. "లోపలికి పో" అన్నాడు. నేను పోలేదు. అతను నావంక చూడకుండా, "రేడియో పెట్టుకో పెర్సీ అంకుల్, గట్టిగా పెట్టుకో" అన్నాడు. పెట్టుకున్నాను. గుర్రప్పందేల వార్తలు వచ్చాయి. మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా వేసినట్టే ఉంచాను. నిన్న సగం అయ్యాయి. ఇప్పుడు మిగతావి. ఇది రాస్తుంటే వినిపిస్తూనే ఉన్నాయి, రేడియో ఎంత పెట్టినా వినిపిస్తాయి. ఒక్కొక్కటి ఒక్క దెబ్బకే. పిల్లాడి చెయ్యి మంచిదే.

వాకిట్లో సబ్బూ తువ్వాలూ పెట్టాను. వెరా పెళ్లినాటి మంచి తువ్వాలు. నిన్న సాయంత్రం అతను చేతులు కడుక్కుంటుంటే తలుపు దగ్గర నిలబడ్డాను. ఏదో అనాలి. ఆ హాలులో వచ్చినన్ని మాటల్లో ఒక్కటి కూడా రాలేదు. తప్పు నాదిరా అన్నాను, అంతే. అతను తువ్వాలు మడిచి మెట్టు మీద పెట్టి, "మళ్లీ మీటింగు పెడితే నువ్వు స్కోన్లు తిని ఇంటికి పో, ముసలోడా" అన్నాడు. నవ్వలేదు. నేనూ నవ్వలేదు. "రేపు వస్తాను" అని వెళ్లాడు.

వాళ్లు మే నెలలో పొలం వదిలేస్తున్నారు. అది మారదు. నేనూ ఇక్కడ ఎన్నాళ్లుంటానో తెలియదు.

కాల్చడానికి నువ్వు రానక్కర్లేదు. అయినా రా. నాకు వంట రాదు, నీకూ రాదు. నీ పని పోయిందని రాశావు.  రెండు వేళ్ల మధ్య పట్టి చెప్పేవాడు ఇక ఉండడా?

మూత విప్పాను. పెన్సిలు చెరగలేదు. సున్న కాదు ఎర్నీ. పద్నాలుగు పాయింట్లు అని ఉంది, పక్కన "మంచి వాన" అని. ఆ వాన నాకు గుర్తుంది. కత్తిరింపు ఆపి, అందరం షెడ్డు గుమ్మంలో నిలబడి చూశాం. రెండున్నరేళ్లు ఆ చీకట్లో మూటలో ఉండి, తిరిగి ఇక్కడికే వచ్చింది. అంత దూరం పోయింది.

ఒకవేళ శనివారం బండి దొరక్కపోతే వెంటనే రాయి. అప్పుడు బోల్టు చేరిందని కూడా రాయి. పోస్టు బండివాడు లేచాడు. మళ్లీ మంగళవారం గాని రాడు, ఆదివారం నువ్వు దిగకపోతే ఆ రోజు గేటు దగ్గరే ఉంటాను, నువ్వైనా రావాలి, నీ ఉత్తరమైనా రావాలి. ఆలస్యం చేయకు.

పెర్సీ